ఒంటికత్తి ఒప్పుకోలు

ఉదయం ఆరుంబావుకి, నోట్లో బ్రష్షుతో కంప్యూటర్ ముందు కూర్చున్న మైనం, తను నిన్న సాయంత్రమే చచ్చిపోయినట్టు తెలుసుకున్నాడు.

తెర మీద బూడిదరంగు గడిలో నాలుగు ముక్కలున్నాయి. "ఒంటికత్తి, తొంభై ఏడవ స్థాయి. నిన్న నాలుగూ నలభైకి మూడో రేవు వరదలో మరణం. యజమాని సమ్మతి అందింది. అభ్యంతరముంటే ఇవాళ సాయంత్రం ఆరులోగా తెలపాలి."

నురగ గడ్డం మీదికి కారింది. తుడుచుకోలేదు.

ఆ ఆట పేరు ఏడు రేవులు. కథ ముందుగా రాసిపెట్టేవాళ్ళు అక్కడ ఎవరూ ఉండరు. ఎక్కడెక్కడివాళ్ళో చేరి, తలా ఒక పాత్ర కట్టుకుని, మాటలు టైప్ చేసుకుంటూ కథ నడుపుకుంటారు. ఒకడు పడవవాడు, ఒకతె దొంగ, ఇంకొకరు మంత్రసాని. మైనం కట్టుకున్నది ఒంటికత్తి అనే వీరుణ్ణి. తొమ్మిదేళ్ళుగా రోజూ రెండు గంటలు ఉత్తరపు కోట గోడ మీద నిలబడి, తోడేళ్ళని నరికి నరికి, తొంభై ఏడో మెట్టు దాకా ఎక్కించాడు. అంత ఎత్తున ఉన్నవాళ్ళు మొత్తం ఆటలో నలుగురే.

అక్కడ ఒక కట్టుబాటుంది. ఆపదలో పాచికలు చావు చెబితే తప్ప, యజమాని తన చేత్తో "ఒప్పుకున్నాను" అని టైప్ చెయ్యందే ఎవరి పాత్రనీ చంపకూడదు.

మైనం టైప్ చెయ్యలేదు. నిన్న నాలుగూ నలభైకి అతను ల్యాబులో ఎవరిదో కింది దవడకి పళ్ళు పేరుస్తున్నాడు. ఇంటికి తలనొప్పితో వచ్చి, ఆట తెరవకుండానే పడుకున్నాడు.

"ఏంటండీ ఆ మొహం? ఎవరైనా పోయారా?" వంటింటి గుమ్మంలోంచి భార్య అడిగింది.

"నేనే."

"పోతే పోయారు, అన్నం డబ్బా మర్చిపోకుండా తీసుకెళ్ళండి. నిన్న కూడా వదిలేసి వెళ్ళారు."

కిటికీ పక్క కుర్చీలో మామగారు పేపరు చదువుతున్నాడు. ఆయన పేపరు కాస్త పైకి లేచి మొహాన్ని పూర్తిగా కప్పేసింది. మైనం అది గమనించలేదు. అతని బుర్రలో ఒకే ప్రశ్న తిరుగుతోంది. ఎవడు?

పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పలేదు. ఒక్క మనిషి మాత్రం చూసి ఉండొచ్చు. ల్యాబులో పక్క బల్ల దగ్గర ప్లాస్టర్ అచ్చులు పోసేవాడు, అందరూ కుళాయి అని పిలుస్తారు. ఒకసారి మైనం ఫోనులో ఆట తెరుస్తుంటే వాడు భుజం మీంచి తొంగిచూశాడు. వాడూ ఏడు రేవుల్లోనే ఉన్నాడు. పన్నెండో స్థాయి. "ఆ కత్తి ఒక్కరోజు అరువియ్యి బావా" అని ఏడాదిగా ప్రాణం తీస్తున్నాడు. పైగా నిన్న సెలవు పెట్టాడు.

బస్సులో మైనం మూడుసార్లు లేచి మూడుసార్లు కూర్చున్నాడు. దిగాల్సిన చోటు దాటిపోయి వెనక్కి నడిచాడు.

ల్యాబంటే పళ్ళ డాక్టర్లకి కట్టుడు పళ్ళు చేసిపెట్టే మూడు గదులు. గోడ పొడవునా అరల్లో ప్లాస్టర్ దవడలు, ఒక్కోదాని మీద పెన్సిల్‌తో నంబరు. ఇరవై రెండేళ్ళుగా మైనం అదే ఎత్తుపీట మీద కూర్చుంటున్నాడు. స్పిరిట్ దీపం మీద చాకు వేడిచేసి, గులాబీరంగు మైనం కరిగించి, అట్టకి అంటించి వచ్చే పళ్ళని ఒక్కొక్కటే ఊడదీసి చిగుళ్ళ వరసలో నిలబెడతాడు. గోళ్ళ సందుల్లో ఆ గులాబీరంగు ఎన్నడూ వదలదు. పేరు అలాగే వచ్చింది. వేలమందికి నవ్వు కట్టిపెట్టాడు. ఆ పళ్ళతో నవ్వినవాళ్ళలో అతను చూసింది ఒక్క మామగారినే. మిగతావాళ్ళు డాక్టరుకి థాంక్స్ చెప్పి వెళ్ళిపోయారు.

కుళాయి ప్లాస్టర్ చేతులతో ఎదురొచ్చాడు. మైనం వాడి కాలర్ పట్టుకుందామనుకునేలోపే వాడు కావలించుకున్నాడు.

"ఏం పోయావు బావా. మంచంలో జ్వరంతో పడుకుని చూశాను. మా ఆవిడ ఎవరికేమయిందని పరిగెత్తుకొచ్చింది."

"నువ్వు... చూశావా?"

"చూడకేం? మొత్తం రేవంతా చూసింది. ఇన్నేళ్ళూ నువ్వంటే మాకు పడేది కాదు, నిజం చెబుతున్నా. తొంభై ఏడోవాడు కథలోకొస్తే ఇంక కథేముంది? పులొచ్చినా ఒకటే వేటు, భూతమొచ్చినా ఒకటే వేటు. నువ్వొస్తున్నావంటే ఏదో పనుందని తలో దిక్కూ పోయేవాళ్ళం."

మైనానికి ఆ సంగతి కొత్త. తను వెళితే రేవు ఖాళీ అవడం తన గౌరవానికే అనుకున్నాడు ఇంతకాలం.

"కానీ ఈ మూణ్ణెల్ల నుంచీ మనిషివే మారిపోయావు. కోట దిగొచ్చి రేవులో కూర్చోవడం, అందరి మంచీచెడ్డా అడగడం... రాత్రిళ్ళు పేజీలు తిప్పి చదువుకునేవాణ్ణి. ఇంతకీ నిన్న నువ్వూ సెలవేనా?"

"లేదు. ఇక్కడే ఉన్నా."

"పని మధ్యలో ఫోనులో చచ్చావా? దొంగవి బావా."

మైనం పీట మీద కూలబడ్డాడు. మూణ్ణెల్లు. తను మాత్రం ఆ మూణ్ణెల్లూ రాత్రిపూట కోట ఎక్కి తోడేళ్ళనే నరికాడు. రేవు వైపు పోలేదు. తన పేరుతో పగటిపూట ఎవరో బతికారు.

పదకొండింటికి పై దవడకి కోరపళ్ళు తారుమారు చేసి పేర్చాడు. ఇరవై రెండేళ్ళలో అలాంటి పొరపాటు జరగలేదు. మళ్ళీ కరిగించి మళ్ళీ పేర్చాడు. చాకు వేలికి తగిలి బొబ్బెక్కింది. గడియారం వంక చూశాడు. ఆరింటికి ఇంకా ఆరున్నర గంటలు.

భోజనాల వేళ డబ్బా తెరవలేదు. మెట్ల కింద నిలబడి ఫోనులో నిన్నటి పేజీ తీశాడు.

మూడో రేవులో వరద. పడవలో ముప్పైమంది. అంతా కొత్తవాళ్ళు, కింది మెట్లవాళ్ళు. ఒంటికత్తి ఒడ్డున నిలబడి తాడు పట్టుకున్నాడు. కింద అతని మాటలు ఇలా ఉన్నాయి.

"మెట్టు మీద నిలబడకండి. లోపలికి జరగండి, లోపల చోటుంది. చంటిపిల్లల తల్లికి సీటివ్వండి." ఒంటికత్తి మెడలోని ఈల రెండుసార్లు ఊదాడు. "రైట్ రైట్."

మైనం ఆ మాటలు నాలుగుసార్లు చదివాడు. పడవలో సీటేమిటి? వీరుడికి ఈలేమిటి?

అప్పుడు ఇంట్లో మామగారి మంచం పక్క మేకుకి వేలాడే ఇత్తడి ఈల గుర్తొచ్చింది. ఇంక కిందికి చదవలేదు. మామగారు ముప్పై రెండేళ్ళు బస్సు కండక్టరు. ఆట పాస్‌వర్డ్ ఇంటి కంప్యూటర్‌కే కంఠతా వచ్చు. తెరిస్తే చాలు, ఎవరని అడక్కుండా లోపలికి పంపిస్తుంది.

గంట ముందే సెలవడిగి బయటపడ్డాడు. దారి పొడవునా నాలుక చివర మాటలు నూరుకున్నాడు. తొమ్మిదేళ్ళండీ. మీకేం తెలుసు. ఎవరిదనుకుని ముట్టుకున్నారు.

ఐదూ ఇరవైకి తలుపు తోశాడు. భార్య ఇంకా బళ్ళోంచి రాలేదు. ఆమె అక్కడ గుమాస్తా. మామగారి కుర్చీ ఖాళీగా ఉంది. మైనం చెప్పులు కూడా విప్పకుండా కంప్యూటర్ ముందు కూర్చుని అభ్యంతరం పేజీ తెరిచాడు. "నా ప్రమేయం లేకుండా" అని టైప్ చేశాడు. పంపించాలంటే ఇంక ఒక్క నొక్కు.

గది చివర గ్లాసులో నీళ్ళు కదిలిన చప్పుడయింది. మామగారు పళ్ళసెట్టు పెట్టుకుంటున్నాడు. మర్యాదగా మాట్లాడాల్సి వస్తేనే ఆయన దాన్ని పెట్టుకుంటాడు. అది మైనం చేతి పనే.

"పంపించెయ్యి అల్లుడూ," అన్నాడు వచ్చి పక్కన నిలబడి. "ఆ చావు రద్దు చేస్తారట కదా. పొద్దున్నే చెబుదామనుకున్నా. నోరు రాలేదు."

"ఎందుకు చేశారు మామయ్యా?"

"ముందు చూద్దామనే తెరిచాను. వార్తలొస్తాయనుకున్నా. ఎవరో 'దండాలు సేనాపతీ' అన్నారు. పలకకపోతే బాగుండదని పలికాను. మర్నాడు ఇంకొకరు పలకరించారు. ముప్పై రెండేళ్ళు బస్సులో తిరిగాను బాబూ, స్టాపు దాటించావని తిట్టినవాళ్ళేగానీ దండం పెట్టిన పాపాన పోయినవాడు లేడు."

"మరి చంపడమెందుకు? వరదకి తొంభై ఏడోవాడు చావడు. చావాల్సిన పనే లేదు."

"చావు నాకు కాదు పడింది. పాచికలు చీపురుపిల్ల మీద పడ్డాయి. రేవు ఊడ్చే పిల్ల, మూడో మెట్టు. పడవెక్కుతుంటే కాలు జారింది. కథ నడిపే పెద్దమనిషి అడిగాడు, దాని బదులు ఇంకెవరైనా ఒప్పుకుంటారా అని. అదీ మీ కట్టుబాటే కదా, ప్రాణానికి ప్రాణం. ఎవరూ పలకలేదు. ఒక్క నిమిషం చూశాను."

మైనం తెర వంక చూశాడు. అభ్యంతరం పంపితే ఒంటికత్తి లేస్తాడు. పాచికల మాట నిలబడి ఆ పిల్ల పోతుంది. అభ్యంతరం గడి కింద జనం రాసిన మాటలు వరసగా ఉన్నాయి. నూటికి పైనే. తొమ్మిదేళ్ళలో తన గోడ కిందికి ఒక్క పలకరింపు రాలేదు. ఇప్పుడు ఎవరో ముసలి పడవవాడు రాశాడు: "సేనాపతీ, రేపట్నుంచి మా వాళ్ళని లోపలికి జరగమని ఎవరు చెబుతారు?"

చూపుడువేలి మీద బొబ్బ సలుపుతోంది. ఆ వేలు మీట మీదే ఉంది. ఐదూ యాభై. ఐదూ యాభై ఐదు. మామగారు గోడ పట్టుకుని నిలబడ్డాడు. కూర్చోమని మైనం అనలేదు. తర్వాత పక్క కుర్చీని కాలితో ఆయన వైపు జరిపాడు.

ఆరింటికి తెర మీద చిన్న గంట మోగింది. బూడిదరంగు గడి మాయమై, నల్లరాతి మీద ఒంటికత్తి పేరు కనిపించింది. అంతే.

మైనం చెప్పులు విప్పి బల్ల కిందికి తోశాడు.

"నా కత్తి?" అన్నాడు.

"నీ వస్తువు నేను ముట్టుకోలేదు నాయనా. ఆ పిల్ల అడిగింది కూడా, ఇవ్వనన్నాను. అది మా అల్లుడిది, తొమ్మిదేళ్ళ కష్టమన్నాను. నువ్వు మళ్ళీ ఒకటో మెట్టు నుంచి మొదలెడితే తీసుకుంటావని ఒడ్డున ఇసకలో గుచ్చిపెట్టాను. తప్పు నాదే, కాదనను. నువ్వేమన్నా పడతాను. కాకపోతే ఈల మాత్రం నాది కదా. అది దాని మెళ్ళో వేశాను."