పిచ్చుక ఛాతీలో గెలాక్సీ

ఆస్పత్రి కింది అంతస్తులో ఎక్స్‌రే గది పొద్దున్న ఎనిమిదింటికి తెరుచుకుంటుంది. తెరిచేది ఎక్స్‌రే అక్క. ఆవిడకి ఒక పేరుంది, హాజరు పుస్తకంలో రాసి ఉంటుంది, దాంతో ఎవరికీ పనిలేదు. వచ్చీరాగానే సీసం ఏప్రన్ దులిపి తగిలించుకుంటుంది. చీకటి గదిలో ఫిల్ములు కడిగే తొట్లు చూసుకుంటుంది. బయట బెంచీ మీద వాళ్ళని ఒకసారి తేరిపార చూసి, "గొలుసులు, పిన్నులు, జేబుల్లో పెన్నులు అన్నీ తీసెయ్యండి, మళ్ళీ చెప్పించుకోకండి" అని ఒక్క కేక పెడుతుంది. ఇరవై రెండేళ్ళుగా అదే కేక. అయినా రోజూ ఎవరో ఒక మహానుభావుడు పెన్నుతో సహా వచ్చి నిలబడతాడు, పక్కటెముకల మధ్య పెన్ను దర్జాగా పడుతుంది. అప్పుడిక ఆవిడ నోటికి పట్టపగ్గాలుండవు.

వారానికి రెండు మూడుసార్లు గెలాక్సీలు పడతాయి.

ఫిల్ము కడిగి లైటు పెట్టె మీద పెడితే ఎముకలుండవు. అంతా తెల్లటి పొగ. మధ్యలో మిరియపు గింజంత మెరుపు, దానికి అటొకటి ఇటొకటి రెండు నల్లటి బుడగలు. ఎక్కడో ఊహకందని దూరంలో వందల గెలాక్సీలు గుంపు కట్టి ఉంటాయట. ఆ గుంపు నడిమధ్యన ఒక బ్లాక్ హోల్ తిష్ట వేసుకుని ఉంటుందట. అందినదల్లా నోట్లో వేసుకుని, పట్టక, ఒక్కసారిగా వెళ్ళగక్కుతుందట. ఆ ఊపుకి చుట్టూ ఉన్న వేడి పొగ పక్కలకి జరిగి బుడగలు ఏర్పడతాయట. ఇదంతా చుక్కల మాస్టారు చెప్పిన మాట. ఆయన కొండమీద రేడియో టెలిస్కోప్ దగ్గర పనిచేస్తారు, దానికి పట్టపగలు కూడా చుక్కలు అందుతాయట.

ఎక్స్‌రే అక్కకి గెలాక్సీలతో ఉన్న పేచీ ఒక్కటే, ఫిల్ము దండగ. "మీకు గెలాక్సీ పడింది, మళ్ళీ నిలబడండి" అంటుంది. వాళ్ళూ "అలాగేనమ్మా" అని మళ్ళీ చొక్కా విప్పుతారు. రెండోసారికి ఎముకలు బుద్ధిగా వచ్చేస్తాయి. పడిన గెలాక్సీలన్నీ ఒక కవర్లో దాచి ఉంచితే, ప్రతి గురువారం చుక్కల మాస్టారు సైకిలేసుకుని వచ్చి పట్టుకుపోతారు.

ఒక గురువారం పది గంటలకి పిచ్చుక వచ్చింది.

పిచ్చుక అంటే ఎక్స్‌రే అక్క తోడికోడలు. మరిది పెళ్ళాం. పదకొండేళ్ళుగా ఇద్దరూ ఒకే వంటింట్లో ఒకళ్ళనొకళ్ళు ఢీకొంటూ బతుకుతున్నారు. మనిషి పిడికెడు, మాటలు గంపెడు, అందుకని ఇంట్లో ఆ పేరు స్థిరపడింది. కొన్నాళ్ళుగా దగ్గుతోంది. "ఒకదాని మీద ఒకటి మాటలు గొంతుకి అడ్డం పడుతున్నాయిలే" అని ఇంటిల్లిపాదీ నవ్వారు. వేసవిలో అక్కే ఒక ఫిల్ము తీసింది కూడా. కడిగిన గాజులా ఉంది. ఇప్పుడు పిచ్చుకకి అద్దాల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని దొరికింది, సోమవారం చేరాలి. చేరేముందు ఛాతీ ఫిల్మూ, దాంతోపాటు డాక్టరమ్మ ముద్ర వేసిన కాగితమూ తెమ్మన్నారు.

"తొందరగా కానివ్వక్కా, నాకు బోలెడు పనుంది."

"నీకెప్పుడు లేదు గనక? గొలుసు తియ్యి. పిన్ను తియ్యి. ముందు ఆ నోరు మూయి."

పిచ్చుక చల్లటి పలకకి ఛాతీ ఆనించి నిలబడింది. గాలి పీల్చింది, బిగబట్టింది, వదిలింది. ఫిల్ము కడిగితే గెలాక్సీ.

"నీకూ పడిందే! ఊఁ, మళ్ళీ నిలబడు."

రెండోసారీ గెలాక్సీయే.

అక్క మూడోసారి తీసింది. చీకటి గదిలో ఎర్ర దీపం కింద ఫిల్ముని తొట్టిలోంచి పైకెత్తింది. పొగ, పొగ మధ్యలో మెరుపు. ఈసారి మెరుపు ఉసిరికాయంత ఉంది. పక్కన బుడగలు లేవు. ఇరవై రెండేళ్ళలో ఏ మనిషికీ రెండోసారి గెలాక్సీ పడలేదు. మూడోసారి మాట చెప్పక్కర్లేదు. ఫిల్ము మీంచి నీళ్ళు మోచేతి దాకా కారుతున్నా అక్క అలాగే నిలబడిపోయింది. దీని ఛాతీలో నాకు కనపడకూడనిది ఏముందిరా భగవంతుడా అనుకుంది.

బయటికి వచ్చి ఫిల్ము లైటు పెట్టె మీద పెట్టేసరికి పిచ్చుక జాకెట్టు పిన్ను చేత్తో పట్టుకుని ఆవిడ ముఖంలోకి చూసింది.

"మాట్లాడవేంటక్కా?"

అక్క మోచేతి మీది నీళ్ళు కొంగుతో తుడుచుకుంది. దాంతో పిచ్చుక కూడా నోరు మూసుకుంది. పదకొండేళ్ళలో అది నోరు మూసుకోవడం అక్క చూడలేదు.

కాసేపటికి పిచ్చుకే అంది, మెల్లిగా. "ఒక పని చెయ్యక్కా. వేసవిలో తీసింది ఉందిగా. దాని మూలనున్న తేదీ చీటీ పీకేసి ఇవాళ్టిది అతికించు. ముద్ర వేయించేద్దాం. ఎవరికి తెలుస్తుంది?"

ఇంకెవరైనా ఆ మాట అనుంటే ఎక్స్‌రే అక్క ఆ మనిషిని మెట్ల దాకా తరిమేది. ఇప్పుడు తిన్నగా బీరువా దగ్గరికి వెళ్ళి వేసవి ఫిల్ము తీసింది. ఎంత శుభ్రంగా ఉంది! ఎముకలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇదే నిజమని నమ్మేస్తే ఇంటికి పోయి హాయిగా అన్నం తినొచ్చు. భయం మనిషి చేత ఏ పనైనా చేయిస్తుంది. ఆవిడ గోటితో తేదీ చీటీ మూల గీకడం మొదలుపెట్టింది. సగం లేచింది కూడా.

అప్పుడే చుక్కల మాస్టారు ప్యాంటు అంచులకి క్లిప్పులతో లోపలికి వచ్చారు. వచ్చీరాగానే ఆయన కళ్ళు లైటు పెట్టె మీద పడ్డాయి.

"అబ్బబ్బ! ఇది ఎవరిదమ్మా? ఇవాళ పొద్దున్న మా టెలిస్కోప్‌లో కళ్ళు చెదరగొట్టింది కూడా ఇదే!"

"బుడగలు లేవేం మాస్టారూ?" అంది అక్క.

"లేకేం, ఉన్నాయి. ఇది సూటిగా మనవైపే కక్కింది. ఒక బుడగ మెరుపు ముందుంది, ఒకటి మెరుపు వెనకుంది. ఎదురుగా నిలబడి చూస్తే ఏం కనపడుతుంది, మెరుపు తప్ప? వెనకున్నది చూడాలంటే పక్కకి వెళ్ళాలి. మా ఖర్మ, దాని పక్కకి వెళ్ళాలంటే వెలుగుకే కోట్ల ఏళ్ళు పడుతుంది." ఆయన నవ్వారు. "మీకేమమ్మా, మనిషిని ఇటు తిరగమంటే తిరుగుతుంది."

ఎక్స్‌రే అక్క చేతిలో వేసవి ఫిల్ము అలాగే ఉంది. దానివైపు చూసింది. పిచ్చుకవైపు చూసింది. సగం లేచిన చీటీని బొటనవేలితో గట్టిగా నొక్కేసి ఫిల్ము బల్ల మీద పెట్టింది.

"లోపలికి రా. పక్కకి తిరిగి నిలబడు. చేతులు తలమీద పెట్టుకో."

"ముద్ర..."

"పెట్టుకోమన్నానా!"

ఈసారి ఎముకలు వచ్చాయి. వెన్నుపూసలు, వంగిన పక్కటెముకలు, ముందుకి ఒరిగిన గుండె. గుండెకీ వెన్నుకీ మధ్య, ఏమీ ఉండకూడని చోట, చింతగింజంత తెల్లటి మచ్చ. అదేమిటో ఎక్స్‌రే అక్కకి ఒకరు చెప్పక్కర్లేదు. చీకటి గదిలోనే స్టూలు మీద కూలబడి, బయటికి వినపడకుండా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

డాక్టరమ్మ వేసవి ఫిల్మూ, పక్కనుంచి తీసిన ఫిల్మూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది.

"వేసవిలోనూ ఉండే ఉంటుంది ఇది. గుండె చాటున పడింది. ఉందని తెలిసి వెతుకుతున్నా ఎదురు ఫిల్ములో నాకు కనపడటం లేదు. పక్కనుంచి తియ్యమని ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదండీ. ఎదురుగా తీస్తే గెలాక్సీ పడింది. మూడుసార్లు."

"సరే" అని డాక్టరమ్మ కాగితం మీద అదే రాసుకుంది. తర్వాత పెన్ను పక్కన పెట్టి, "గడ్డ చిన్నగానే ఉంది, కోసి తీసేయొచ్చు. ఇంకో ఆరు నెలలైతే చేతులెత్తేసేవాళ్ళం" అంది.

ఆపరేషన్‌కి ఎనిమిది రోజులు గడువు. ఆ ఎనిమిది రోజులూ ఇంట్లో ఎవరికీ తిన్నది ఒంటికి పట్టలేదు. మరిది రోజుకి నాలుగుసార్లు చెప్పులు వేసుకునేవాడు, ఎక్కడికి వెళ్ళాలో తెలియక మళ్ళీ విప్పేసేవాడు. పిచ్చుక ఒకసారి అంట్లు తోముతూ, "నాకేమన్నా అయితే ఆ పెద్ద మూకుడు నువ్వే ఉంచుకో అక్కా, ఎలాగూ నీ కన్ను దానిమీదే" అంది. అక్క చేతిలో గరిటె విసిరికొట్టి పెరట్లోకి వెళ్ళిపోయింది. అక్కడా నిలవలేకపోయింది, లోపలికి వస్తే అది దగ్గడం వినపడుతోంది.

ఆపరేషన్‌లో గడ్డ మొత్తం ఊడి వచ్చింది. వేళ్ళు పాకలేదన్నారు.

నెల తిరిగాక ఒక గురువారం చుక్కల మాస్టారు కాగితాల కట్టతో వచ్చి కూర్చున్నారు. ఆ మెరుపు లెక్క తేలిందట. ఇరవై నాలుగు కోట్ల ఏళ్ళ కిందట వెళ్ళగక్కిందట అది. అప్పటికి మనుషులే లేరు.

"అన్నేళ్ళు నడిచి వచ్చి మా టెలిస్కోప్ మీద ఎంతసేపు ఉందనుకున్నారు? ఒక్క పూట. పొద్దున్న తగిలింది, మధ్యాహ్నానికి ఆరిపోయింది."

ఎక్స్‌రే అక్క చేతిలో ఫిల్ము కవరు కింద పెట్టింది.

"అయితే మాస్టారూ, మా పిచ్చుక మర్నాడు వచ్చి ఉంటే?"

మాస్టారు ఏదో లెక్క చెప్పబోయి ఆవిడ ముఖం చూసి కాగితాలు సర్దుకున్నారు.

మర్నాడు వచ్చి ఉంటే మొదటిసారే ఎముకలు శుభ్రంగా పడేవి. తనే స్వయంగా తీసుకెళ్ళి ముద్ర వేయించేది. సంతోషంగా వేయించేది. అదంతా ఆవిడకి కళ్ళముందు కనపడింది. గండం గడిచి నెలైంది, భయం మాత్రం ఇప్పుడొచ్చింది. బెంచీ మీద మిగిలిన నలుగురికీ చేతులు జోడించి, రేపు రమ్మని, గదికి తాళం వేసి ఇంటికి నడిచింది.

ఇల్లంతా మధ్యాహ్నపు నిశ్శబ్దం. పిచ్చుక మంచం మీద వెల్లకిలా పడుకుని నిద్రపోతోంది. ఎక్స్‌రే అక్క చప్పుడు చెయ్యకుండా స్టూలు జరుపుకుని పక్కన కూర్చుంది. దుప్పటి కింద ఆ పిడికెడు ఛాతీ లేస్తోంది, దిగుతోంది. దిగి మళ్ళీ లేచేదాకా అక్క ప్రతిసారీ ఎదురుచూసింది.

పిచ్చుక ఒక కన్ను తెరిచింది. "ఏంటక్కా, పోయాననుకున్నావా?"

"నోరు మూసుకుని ఊపిరి తీసుకోవే" అంది అక్క, కళ్ళు తుడుచుకోకుండానే.