జంగమ్మ నంబరు

పెళ్లినాడు పురోహితుడు పలకమన్నవి పలికిన తర్వాత కిష్టయ్య తనతో ఒక్క పూర్తి వాక్యం మాట్లాడిన పాపాన పోలేదని సావిత్రమ్మ అభియోగం. సాక్ష్యానికి వాడకట్టంతా సిద్ధం. కూరలో ఉప్పు తక్కువైతే గిన్నె పక్కకు జరుపుతాడు, సరిపోతే జరపడు. బిడ్డకు సంబంధం కుదిరిన రోజున కూడా "మంచిదే" అని చెప్పులేసుకొని బయటికి పోయాడు. అలాంటి మనిషికి వనపర్తిలో పురుగుమందు కొట్టే పంపులమ్మే దుకాణంవాళ్లు ఇచ్చిన కొలువేమిటంటే, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఫోన్లో మాట్లాడటం! దేవుడికి వేళాకోళం ఎక్కువని ఆమె ఎప్పుడో తేల్చేసింది.

ఆ పొద్దున కూడా సద్ది కడుతూ కదిపి చూసింది.

"ఇయ్యాల్టితోటి అయిపాయె గద కొలువు. రేపటిసంది ఇంట్లనే ఉంటవా?"

కిష్టయ్య చొక్కా గుండీలు పెట్టుకుంటూ తలూపాడు.

"ఉండి ఏం జేస్తవ్?"

గుండీలు అయిపోయాయి. సైకిలు సందు మలుపు తిరిగింది, సద్దిడబ్బా గడప మీదే ఉండిపోయింది.

రేపటి నుంచి రోజంతా గోడతో కాపురమే అనుకుంటూ సావిత్రమ్మ డబ్బా చేతపట్టుకొని బయలుదేరింది. ఇన్నేళ్లలో ఆమె ఆ దుకాణం మెట్టెక్కడం అదే మొదలు.

పొడుగాటి గది. గోడలకు నీలం, ఆకుపచ్చ పంపులు బడిపిల్లల సంచుల్లా వరుసగా వేలాడుతున్నాయి. కొత్త రబ్బరు గొట్టాల వాసన. చిట్టచివరి మూలన, కంప్యూటరు ముందు, చెవికి ఫోను ఆనించుకొని కిష్టయ్య కనిపించాడు. ఇంట్లో ఎప్పుడూ ముందుకు వంగి ఉండే వీపు ఇక్కడ నిటారుగా ఉంది.

"ఏం నాయనా, వాన పడ్డదా? పడలేదా! మీ కోడేరు మీద మబ్బుకు ఏదో కోపమున్నట్టుంది. మరి మీ పెద్దెద్దు కాలు నయమైందా? కట్టు ఇప్పిన్రా? జర మెల్లగ నడిపియ్యి దాన్ని. పంపు మంచిగ పనిజేస్తుందా? ఆఁ, నంబరు గదేనా, మార్చినవా?"

సావిత్రమ్మ నిలబడిపోయింది. ఎవరిదో ఎద్దు కాలు మీద ఆయన ఇప్పుడు ఖర్చుపెట్టిన మాటలు తనకైతే ఏడాదికి సరిపోయేవి.

యజమాని సతీష్ చూసి కుర్చీ వేశాడు. "కూసో చిన్నమ్మా. కాక ఇయ్యాల అన్నం కూడ తినేటట్టు లేడు."

"గంత పనేంది?"

"ఈ రాత్రికి మా సాఫ్ట్‌వేర్ మారుతది. కొన్నోళ్ల పేర్లు, నంబర్లు, ఎవరి పంపు రిపేరుకు ఎప్పుడొస్తదో అన్ని దాంట్లనే ఉంటయి. కొత్తది ఒక నంబరుకు ఒక్క మనిషినే ఒప్పుకుంటది. మిగిలినోళ్ల పేర్లు ఎగిరిపోతయి. పేరు లేకుంటే పంపు మన దగ్గర కొననట్టే లెక్క, ఉచిత రిపేరు ఉండదు. అందుకే కాక ఒక్కొక్కరికి ఫోన్ జేసి సరిజేస్తుండు." గొంతు తగ్గించి అన్నాడు, "రేపటిసంది ఫోన్లు కూడ గదే జేస్తది. రికార్డు జేసిన గొంతుతోటి."

మధ్యాహ్నానికి అన్నీ అయ్యాయి, వీపనగండ్లలోని జంగమ్మ నంబరు ఒక్కటి తప్ప. కష్టమంతా అక్కడే ఉంది. పుణె పనులకు వలసపోయే ఇండ్లవాళ్లు ఏ దుకాణంలోనూ తమ నంబరు చెప్పరు, ఊళ్లో మిగిలే మనిషి నంబరే చెబుతారు. వాళ్ల సిమ్ములు పని మారినప్పుడల్లా మారుతుంటాయి. జంగమ్మ మాత్రం ఎక్కడికీ కదలదు. అందుకని ఆ వాడలో పంపు కొన్న ప్రతి ఇంటికీ ఆమె నంబరే. రేపు తెల్లారేసరికి అంతా కలిసి ఒక్క జంగమ్మ అయిపోతారు.

"గా ఒక్క వాడ ఇడిసిపెట్టు కాకా," అన్నాడు సతీష్. "ఆళ్లు యాడున్నరో ఏమో."

కిష్టయ్య ఫోను దించలేదు. "వానలు పడంగనే పంపు భుజానేసుకొని వస్తరు. పేరు లేదు పొమ్మని నువ్వు చెప్తవా? కొన్ననాడు పేరుంటదని చెప్పింది నేను."

జంగమ్మ గొంతు ఫోన్లోంచి బయటికే వినిపిస్తోంది. "ఇన్నొద్దులు నా కిందున్నోళ్లను ఇప్పుడేంది కిష్టన్నా, పాలు పంచుతున్నవ్?"

"మా మిషినికి ఉమ్మడి కుటుంబం నచ్చదంట జంగమ్మా. ఒక్కొక్కరి పుణె నంబరు చెప్పు."

ఇక మొదలైంది. ఒకరు కాంక్రీటు మిషను చప్పుళ్లోంచి అరిచారు, ఒకరి సిమ్ము పనిచేయలేదు, వాళ్ల తమ్ముణ్ణి పట్టుకుంటే వాళ్లు దొరికారు. ఎవరి దగ్గరా కిష్టయ్య నంబరొక్కటే అడిగి పెట్టేయలేదు. చంటిదాని జ్వరం అడిగాడు, ఇరిగిన చెయ్యి అడిగాడు. నాలుగు దాటాక గొంతులో జీర వచ్చింది. చెంపలో ఏదో దాచుకొని చప్పరిస్తూ మాట్లాడాడు. అయినా గొంతు సన్నబడి, దారపు పోగై, చివరి పేరు దగ్గర, బీచుపల్లి అనే మేస్త్రీ "హలో" అన్నప్పుడు, పుటుక్కున తెగిపోయింది. కిష్టయ్య నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు.

"హలో, ఎవరు? కట్ జెయ్యాల్నా?"

ఆయన పెళ్లాం వైపు చూసి ఫోను చాచాడు. అన్నేళ్ల కాపురంలో అంత పొడుగు మాట ఆయన ఎప్పుడూ అనలేదు.

సావిత్రమ్మ లాక్కున్నంత పనిచేసింది. "కట్ జెయ్యకు బిడ్డా! నేను కిష్టయ్య పెండ్లాన్ని."

"చిన్నమ్మా! కాకకు మళ్ల గొంతు పోయిందా?"

"మళ్లనా?"

"సాయంత్రం చేస్తే రోజు గంతే గద. గుసగుస తప్ప రాదు. ఉప్పునీళ్లు పుక్కిలించమను, నీకు తెల్వంది కాదు."

ఆమెకు తెలియదు. పుణెలో గోడ కట్టేవాడికి తెలుసు. నంబరు ఇదేనా అని అడిగింది, అవునంటే సతీష్ కంప్యూటర్లో కొట్టాడు. పెట్టేయబోతుంటే కిష్టయ్య బల్ల మీద తట్టి, చేతిని మోకాలెత్తున పట్టి చూపించాడు.

"పిల్లలు మంచిగున్నరా, మీ కాక అడుగుతుండు," అందామె.

కంప్యూటరులో జంగమ్మ కింద జంగమ్మ ఒక్కతే మిగిలింది. మిగిలినవాళ్లంతా ఎవరి పేరు మీద వాళ్లు వేరుపడ్డారు. సతీష్ మీట నొక్కాడు. కిష్టయ్య లేచి, కుర్చీని బల్ల కిందికి నెట్టి, వెలుగుతున్న తెరను ఒకసారి చూసి, సతీష్ భుజం తట్టాడు. వీడ్కోలు అంతే.

గడప దగ్గర సావిత్రమ్మ ఆగింది. నలుగురూ వింటున్నారని కూడా చూడలేదు.

"నాదే తప్పయ్యా. నాతోటి మాట్లాడ బుద్ధిగాక నోరు మూసుకుంటవనుకున్న. పొద్దున దాచుకునుడు, మాపటికి ఒడగొట్టుకునుడు, ఇంటికొచ్చేసరికి నీ దగ్గర ఏం మిగల్తలేదని నాకు తెల్వకపాయె."

కిష్టయ్య ఏదో అనబోయి, నవ్వి, ముట్టని సద్దిడబ్బాను ఆమె చేతిలోంచి తీసుకున్నాడు.

వెనక బల్ల మీద, ఫోను పక్కన, చప్పరించి చప్పరించి చింతగింజంత అరిగిన కరక్కాయ ముక్క ఇంకా తడిగానే ఉంది.