కుడి చెవికి రావలసినవాడు

నేను ఒక పాత మైక్‌సెట్టు పెట్టెను. నా ఎదురుగా మంచం మీద ఎలీషా సంచి సర్దుకుంటున్నాడు. తడి తువ్వాలు తీసుకెళ్ళి ఉతికిన చొక్కాల మీద పడేశాడు. మందుల పొట్లం అడుగున పెట్టాడు. రేపు జ్వరం వస్తే సంచంతా బోర్లించాలి. చెబుదామంటే, ఎవరైనా తీగ తగిలిస్తే తప్ప పలకని నోరు నాది. చివర్లో గిటారు తీగల కొత్త పొట్లం కూడా సంచిలో పెట్టి, ఏదో ఆలోచించి, బయటికి తీసి నా నెత్తిమీద పెట్టాడు.

"ఇవి ఇక్కడే ఉండనీ అక్కా. వచ్చీసినాక పాటలో కుడిపక్కది వీటితోనే వాయిస్తాను" అన్నాడు, పక్కనున్న హెప్సిబాతో.

వెళ్ళేవాళ్ళు ఏదైనా వదిలిపెట్టి వెళితే నాకు కాస్త ధైర్యం. ఆ ధైర్యం ఎందుకూ పనికిరాదని తెలిసిన వయసే నాది. అయినా సరే.

విశాఖపట్నం వన్‌టౌన్‌లో ఎలీషా తాత పరంజ్యోతికి మైక్‌సెట్టు దుకాణం ఉండేది. నన్ను బిగించింది అక్కడే. ఇనుపరేకు ఒళ్ళు, లోపల నిప్పుకణికల్లా ఎర్రబడే గాజు వాల్వులు. పెళ్ళికీ, ఎన్నికలకీ, క్రిస్మస్ ఆరాధనకీ, చావుకీ అదే గొంతు. అన్నిటిలోకీ నాకు ఇష్టమైన పని, తీర్థాల జనంలో తప్పిపోయినవాళ్ళను పిలవడం. "ఎర్రగౌను పాప మైకు దగ్గరుంది, తల్లి ఎక్కడున్నా రావాల" అని పరంజ్యోతి నాలోంచి కేకేసేవాడు. తల్లి పరుగెత్తుకుంటూ వచ్చి, ముందు పిల్ల వీపు మీద ఒకటి వేసి, తర్వాత కౌగిలించుకుని ఏడ్చేది. మనుషుల వరస అంతే. నేను పిలిస్తే మాత్రం రాని మనిషి లేడు.

గొంతు మరీ పెంచితే బొంగురుపోయేదాన్ని. "దీనికి మళ్ళీ జలుబు చేసింది" అంటూ పరంజ్యోతి నెత్తిమీద చరిచేవాడు. కొత్తరకం పెట్టెలు రాగానే నన్ను అటకెక్కించాడు. ఆయన పోయిన చాలా ఏళ్ళకు మనవడు దించి, బూరల బదులు ఒక గుండ్రటి స్పీకరును చెక్కపెట్టెలో బిగించి, గిటారు తగిలించి మీటాడు. నా గొంతు పగిలింది. దెబ్బ పడుతుందని బిగుసుకుపోయాను. కుర్రాడు గెంతులేశాడు.

"అక్కా! ఈ బొంగురే కావాల నాకు!"

ఇన్నేళ్ళూ దెబ్బలు తిన్న రోగానికి ముసలితనంలో పేరు పెట్టారు. గిటారువాళ్ళ భాషలో అది 'టోన్' అట.

అక్క హెప్సిబా రికార్డింగు పని నేర్చుకున్న పిల్ల. తమ్ముడి బ్యాండు పాట కోసం మేడమీద గది గోడలకు బొంతలు కట్టింది. వాడు నా గొంతు పెంచడం, ఆమె తగ్గించడం.

"ఇంత పగిలితే తీగ పలికిందో పిల్లి పలికిందో తెలీదురా."

"ఇది రాక్ పాట అక్కా, జోలపాట కాదు."

"రికార్డులో పగులు తగ్గితేనే గట్టిగా వినబడతాది. బరువంటావా, నూకరాజు బేసు గిటారు మోస్తాది."

"అన్నీ నేనే మోయాలేటి? పెట్టెను మేడెక్కించిందీ నేనే" అన్నాడు నూకరాజు, నా పక్కనే చతికిలబడి.

తర్వాత మైకు. స్పీకరు నడిమధ్యన పెడితే గొంతు సూదిలా గుచ్చుకుంది. అంచుకు జరిపితే ముసుగుతన్ని పడుకుంది. వేలెడు ఇటు, అరవేలు అటు. హెప్సిబాకు ఓ పట్టాన నచ్చదు. ఆ వేలెడు జాగా కోసం ఆదివారం పగలంతా పోయింది. కుదిరాక నా స్పీకరు ముందున్న గుడ్డ మీద గోళ్ళరంగుతో ఎర్రచుక్క పెట్టింది. పొద్దువాలే వేళకు ఎడమచెవికి వినిపించే భాగం పూర్తయింది. అదే భాగాన్ని కుడిచెవి కోసం మళ్ళీ మొదటినుంచీ వాయించాలి. ఎంత ఒకేలా వాయించినా చెయ్యి వెంట్రుకవాసి తేడా పడుతుందట. ఆ తేడా వల్లే గిటారు రెండు చెవుల మధ్య గోడంత వెడల్పు అవుతుందట. ఓడలో ఎలక్ట్రీషియన్ పనికి చేరడానికి ఎలీషా రైలు ఆ సాయంత్రమే.

"అదీ వాయించీసి ఎల్లరా. గంట పట్టదు."

"నీతో గంటలో అవుద్దేటి? తెల్లారిపోద్ది. రైలు నాకోసం ఆగుద్దా? ఆరునెల్లలో వచ్చీస్తాను. మైకు మాత్రం ఎవర్నీ కదపనీకు."

నడిసముద్రంలో ఓడ మీంచి జారిపడ్డాడనీ, ఎంత వెతికినా దొరకలేదనీ కంపెనీవాళ్ళు ఫోను చేశారు.

"దొరకలేదన్నారు. లేడనలేదు కదా" అంది హెప్సిబా. మైకు కదపనివ్వలేదు. చీపురు మా చుట్టూ తిరిగి వెళ్ళేది. పగలంతా పోగొట్టింది తనే కదా అని ఆ పిల్ల ఎర్రచుక్కను చూస్తూ కూర్చునేది.

వర్షాలు వచ్చి పోయాయి. ఒకరోజు నూకరాజే నోరు తెరిచాడు.

"ఎడమపక్కదే కుడిపక్క కూడా అంటించీ హెప్సక్కా. పాటైనా బయటికెల్తాది."

అంటించింది. రెండు చెవుల్లోనూ ఒకడే. వెడల్పు లేదు, గిటారు ముడుచుకుని నడినెత్తిన కూర్చుంది. తర్వాత నూకరాజు ఎలీషా గిటారే తీసుకుని వాయించాడు. అదే పెట్టె, అదే మైకు, అదే చుక్క. వచ్చింది నూకరాజు చప్పుడే. నాలుగు మీటులకే ఆపి, గిటారు గోడకు ఆనించాడు.

"అన్నీ ఉన్నాయే అక్కా. ఆడి వేళ్ళు లేవు."

"అది ఆడి జాగా. ఖాళీగా ఉండనీ" అంది హెప్సిబా. లేచి తన చేత్తోనే మైకు తీసేసింది.

పాట కుడిపక్క గిటారు లేకుండానే బయటికి వెళ్ళింది. వినేవాళ్ళంతా తమ ఇయర్‌ఫోన్లు విదిలించుకున్నారట, కొందరు మార్చేశారట కూడా. ఫోనులో పాట కింద ఒకాయన, "కుడిచెవిలో గిటారు రావడం లేదు, చూసుకోరా?" అని కోప్పడ్డాడు. "మీ ఇయర్‌ఫోను బాగానే ఉంది బాబూ" అని నూకరాజు జవాబు రాశాడు.

గోళ్ళరంగు చుక్క ఇంకా పోలేదు. సముద్రపు గాలికి నా నెత్తిమీది తీగలు పొట్లంలోనే తుప్పుపట్టాయి. పాట పెట్టినవాళ్ళందరి ఎడమచెవిలో నేను ఇంకా పిలుస్తూనే ఉన్నాను. ఎలీషా 2016 ఆగస్టు చివరి ఆదివారం సాయంత్రం సంచి భుజాన వేసుకుని మెట్లు దిగాడు. తిరిగి రాలేదు.