యాదమ్మ కట్టిన వాలు

ఒకప్పుడు ఎల్లయ్య, యాదమ్మ ప్రతి ఉదయం తమ బండి టైర్లకు కలిసి గాలి కొట్టేవారు. అతను కాలితో పంపు తొక్కేవాడు. ఆమె టైరు పక్కన గొంతుక్కూర్చుని, గేజిలో ముల్లును చూసి అంకె చెప్పేది. ముప్పై రెండు రాగానే చాలు అనేది. ఆమెకు చదువు రాదు, అంకెలు మాత్రం వచ్చు. యాదమ్మ పోయాక ఆ అలవాటూ పోయింది. ఇప్పుడు ఎల్లయ్య బంకులో కరెంటు మిషనుతో గాలి పట్టిస్తాడు. కాలి పంపు మాత్రం డిక్కీలో, ఆమె చుట్టిన పాత చీర పేలికలోనే ఉంది.

పుప్పాలగూడలో వాళ్లకున్న ఎకరంన్నర పొలం అపార్ట్‌మెంట్ల కిందికి పోయిన తరువాత, ఎల్లయ్య ఒక పాత డీజిలు స్టేషన్ వ్యాగన్ కొన్నాడు. సామాను పట్టడానికి వెనకభాగాన్ని సాగదీసినట్టుండే ఆ కారును బస్తీలో అందరూ పొడుగు బండి అనేవారు. మాదాపూర్‌లో ఒక కంపెనీ దాన్ని కిరాయికి పెట్టుకుంది. పొద్దున ముగ్గురు ఉద్యోగులను ఆఫీసులో దింపాలి. ఆ తరువాత సాయంత్రం దాకా కంపెనీ రెండు భవనాల మధ్య కంప్యూటర్ల పెట్టెలు మోయాలి. డీజిలుకు కంపెనీయే చీటీలు ఇచ్చేది.

పొలంలో గింజ రాలితే ఏరుకున్నవాడు కనుక, డీజిలు చుక్కను కూడా ఎల్లయ్య అలాగే చూశాడు. బండి పైనున్న ఇనుప కారియరును బరువని విప్పి పడేశాడు. ఎర్రదీపం దూరాన కనబడగానే కాలు తీసి, బండిని దాని ఊపుకు వదిలేసేవాడు. ఏసీ వేసేవాడు కాదు. గాలి అడ్డు పడుతుందని కిటికీలు దింపనిచ్చేవాడు కాదు. ఇంత చేసినా లీటరుకు పదహారు కిలోమీటర్లు మించలేదు.

ఒకరోజు యాదమ్మ కంటి డాక్టరుకు చూపించుకోవడానికి గచ్చిబౌలి వెళ్లాల్సి వచ్చి ముందు సీటులో కూర్చుంది. ఎదురుగా మెరక ఉంది. ఆమె అరచేతిని డాష్‌బోర్డు మీద పెట్టి, పారతో మట్టి తీసినట్టు మణికట్టును కొంచెం తిప్పింది. మెరక పల్లమైంది. తిరిగి వచ్చేటప్పుడు అదే దారి ఇటువైపూ పల్లమే అయింది. ఎల్లయ్యకు ఇందులో వింతేమీ కనిపించలేదు. పొలం ఉన్న రోజుల్లో నీళ్లు కట్టింది ఆమే. కాలువ గట్టును తెంపి నీటిని మడిలోకి మళ్లించే చోటును మడవ అంటారు. ఆమె మడవ తెంపితే ఎంత మిట్ట మడికైనా నీళ్లెక్కేవి. ఊరివాళ్లూ అలాగే అనుకున్నారు. పాలు పోసే స్వామి పొద్దున్నే వాళ్ల బండి వెనకాలే, తొక్కకుండా, సైకిలు మీద చేతులు కట్టుకుని వచ్చేవాడు.

లీటరుకు ఇరవయ్యారు వచ్చింది.

అప్పుడు ఎల్లయ్య ఒక పొరపాటు చేశాడు. తన మడి తడిశాక మిగిలిన నీటిని కింది మడికి వదలడం అతనికి పుట్టుకతో వచ్చిన అలవాటు. నెలాఖరున మిగిలిన డీజిలు చీటీలను తీసుకుపోయి, బండ్ల వ్యవహారం చూసే శ్రీనివాసరావుకు తిరిగి ఇచ్చాడు. వేరే డ్రైవరుకు పనికొస్తాయని చెప్పాడు. శ్రీనివాసరావు వాటిని లెక్కపెట్టుకుని, వచ్చే నెల నుంచి ఇరవయ్యారు లెక్కనే చీటీలు ఇస్తానన్నాడు.

"అది బండి ఇచ్చుడు కాదు సార్. మా ఇంటామె కూసుంటెనే అస్తది."

"అయితే ఆమెను రోజూ తీసుకురావయ్యా," అన్నాడు శ్రీనివాసరావు, కాగితాల మీంచి తల ఎత్తకుండానే.

అలా యాదమ్మ బండి ఎక్కింది, దిగడానికి వీల్లేకపోయింది. పొద్దున ఏడింటికి కూర్చుంటే మళ్లీ ఏడింటికే లేవడం. మూసిన అద్దాల వెనక ఎండకు ఆమె ముఖం కమిలిపోయేది. కాళ్లు వాచి, సాయంత్రానికి మెట్టెలు వేళ్లలోకి దిగిపోయేవి. కూతురు సంధ్యకు అది తొలి కాన్పు. పుట్టింటికి తీసుకురావలసిన పిల్ల సంగారెడ్డిలో అత్తలేని ఇంట్లో ఒంటరిగా ఉంది. తెచ్చుకుంటే ఇంట్లో చూసేవాళ్లెవరు? తల్లి రోజంతా బండిలో ఉంటుంది. నన్నే పంపు, వారం దినాలుండి వస్తానని యాదమ్మ ఏడో నెలలో అడిగింది. ఎనిమిదో నెలలో అడిగింది. ఈ నెల గడవనీ అన్నాడు ఎల్లయ్య. ఆమె దిగితే చీటీలు పద్దెనిమిది రోజులకే అయిపోతాయి, బండి ఆగిపోతుంది, ఇల్లు ఆగిపోతుంది. ఆ మాట అతను పైకి అనలేదు, ఆమె అడగలేదు. తొమ్మిదో నెలలో ఆమె ఊరుకుంది.

ఆ ఏడు దసరా ముందు ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు డిపోల్లోనే ఉన్నాయి. పిల్లలు బడి మానేశారు. బంకులు మూసిన రోజు చీటీలున్నా డీజిలు లేదు. మాదాపూర్‌లో మాత్రం ఆఫీసులు తెరిచే ఉన్నాయి. ఆ ఉదయం ఎల్లయ్య ట్యాంకులో పుల్ల పెట్టి చూస్తే రెండు లీటర్లు తేలింది. ఇంజను స్టార్టు చేయకుండా, యాదమ్మ వాలు మీదనే బయలుదేరాడు.

గచ్చిబౌలి దాటగానే రోడ్డుకు అడ్డంగా వంటావార్పు జరుగుతోంది. నడిరోడ్డు మీద రాళ్ల పొయ్యిలు పెట్టి, పెద్ద గుండిగల్లో అన్నం వండుతున్నారు. ఆఫీసుల్లో ఊడ్చి తుడిచే ఆడవాళ్లే అందులో ఎక్కువ. వాళ్లకు పెద్దగా ఉన్న కొమురమ్మ గరిటెతోనే బండిని ఆపింది.

"బండ్లు బంద్ అని తెల్వదా అన్నా?"

"ఇంజను బందే ఉందక్కా. పట్టి చూడు."

కొమురమ్మ బానెట్ మీద చెయ్యి పెట్టి చూసింది. చల్లగా ఉంది. ఇంజను బంద్ ఉంటే బండి నడుస్తలేనట్టేనని ఆమె తేల్చింది. ఆడవాళ్లు నవ్వారు. ఆమె మాత్రం కిటికీలోంచి యాదమ్మ కాళ్ల వైపు చూసింది.

"బండికి బంద్ పెట్టినవు మంచిగనే. ఈమెకు ఏనాడన్న పెట్టినవా?"

వెనక సీటులోని రసజ్ఞ ముందుగా దిగింది. కోస్తా వైపు అమ్మాయి, ఏడాదిగా ఆ బండిలోనే ఆఫీసుకు పోతోంది. మేం నడిచి వెళ్తాం లెండి ఆంటీ, మీరు కాసేపు దిగండి అని చెప్పి, మిగిలిన ఇద్దరినీ తీసుకుని వెళ్లిపోయింది. యాదమ్మ దిగి, ఆడవాళ్ల మధ్య కాళ్లు చాపుకుని కూర్చుంది. ఎవరో విస్తరిలో అన్నం, పప్పు పెట్టారు.

అప్పుడే ఎల్లయ్య సెల్లుకు అల్లుడి ఫోను వచ్చింది. సంధ్యకు నొప్పులు మొదలయ్యాయి, దవాఖానకు తీసుకుపోతున్నానని చెప్పాడు. వెంటనే శ్రీనివాసరావు ఫోను కూడా వచ్చింది. పెట్టెలు ఎదురు చూస్తున్నాయట. ఎల్లయ్య మనసులో లెక్క వేశాడు. ఉన్నది రెండు లీటర్లు. సంగారెడ్డి దాదాపు యాభై కిలోమీటర్లు. వాలు ఉన్నది మాదాపూర్ దిక్కే, అటు పదహారు లెక్కన సగం దారి దాటితే గొప్ప.

"పెట్టెలు దింపి, పగటాల్లకు పోదాం," అన్నాడు.

యాదమ్మ అన్నం పూర్తిగా తిని, చెయ్యి కడుక్కుంది. వచ్చి తన సీటులోనే కూర్చుని, డాష్‌బోర్డు మీద అరచెయ్యి పెట్టింది.

"మాదాపూర్ దిక్కు మడవ మూసిన. ఇగ అటు పారదు," అంది. "పడమటి దిక్కు తెంపిన. ఎక్కుతే ఎక్కు, లేకుంటే బండి నేనొక్కదాన్నే తీస్కపోత."

ఆమెకు స్టీరింగు పట్టడం కూడా రాదు. అయినా ఎల్లయ్య ఆ మాటను అనుమానించలేదు. ఎక్కాడు. ఆడవాళ్లు ఒక పొయ్యి రాళ్లను పక్కకు జరిపి దారి ఇచ్చారు. బండి వెనుదిరిగి, శేరిలింగంపల్లి మీదుగా, పటాన్‌చెరు మీదుగా, కాలువలో కాగితపు పడవలా చప్పుడు లేకుండా సాగింది. అడ్డుపెట్టిన చోటల్లా ఎవరో ఒకరు బానెట్ మీద చెయ్యి పెట్టి చూసి, పొమ్మన్నారు. సెల్లు మోగింది. ఎల్లయ్య ఎత్తలేదు. యాదమ్మ కిటికీ అద్దం పూర్తిగా దింపింది. గాలి అడ్డు పడుతుందని అతను చెప్పలేదు. మధ్యాహ్నానికల్లా సంగారెడ్డి చేరారు. డీజిలు ముల్లు కదలలేదు.

సాయంత్రానికి సంధ్యకు ఆడపిల్ల పుట్టింది.

యాదమ్మ మరి ఆ బండి ఎక్కలేదు. కంపెనీ పని వారానికే వేరొకరికి పోయింది. నాలుగు నెలలపాటు ఆమె మనవరాలిని చాపిన కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోసింది. ఆ కాళ్ల వాపు తగ్గిందని సంధ్య చెప్పేది. శివరాత్రి వెళ్లిన వారానికి యాదమ్మ జ్వరం వచ్చి, మూడు రోజుల్లో చనిపోయింది. ఆ ఉదయం పెట్టెలు దింపుదామన్న తన మాటే చెల్లి ఉంటే, ఆ నాలుగు నెలలూ ఆమె అద్దాల వెనకే ఉండేదన్న సంగతి ఎల్లయ్యకు తెలుసు. దాన్ని అతను ఎవరితోనూ అనడు.

పిల్ల పుట్టిన మర్నాడు పొద్దున, బంకులు తెరిచాక, అతను ఒక్కడే తిరుగు ప్రయాణమయ్యాడు. అల్లుడి ఇంటి ముందు బండి తాళం తిప్పబోతుంటే యాదమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ గల్లీలోకి వచ్చింది.

"గాలి చూడకుంటనే పోతవా?"

ఎల్లయ్య దిగి పంపు తీశాడు. ఆమె టైరు పక్కన గొంతుక్కూర్చుని గేజి పట్టుకుంది. అతను తొక్కసాగాడు.

"నేను లేనని గట్టిగ తొక్కకు," అంది, ముల్లు మీది చూపు తీయకుండా. "దూరం చూసుకుంట పో. నీళ్లు ఉరుకవు, అయినా పొలం తడుస్తది."

అతను ఊ అన్నాడు.

"ఇరవై ఎనిమిది. ముప్పై. ముప్పై రెండు. చాలు."

ఎల్లయ్య ఆగలేదు. ఇంకా నాలుగైదు సార్లు తొక్కాడు. యాదమ్మ తలెత్తి అతని ముఖం చూసింది. గోటితో వాల్వులోని మొల నొక్కి, ఎక్కువైన గాలిని కొంచెం కొంచెంగా వదిలింది. ముల్లు మళ్లీ ముప్పై రెండుకు వచ్చాక మూత బిగించి, మోకాలి మీద చెయ్యి ఆనించి లేచి, రెండో టైరు దగ్గరికి నడిచింది.