సెల్లోకు మూడు శాలువాలు

నారాయణపేటలో మా ఫంక్షన్ హాలుకు ఒక ఆనవాయితీ ఉంది. వేదిక మీద చప్పుడు ఆగిందంటే ఎవరో ఒకరికి శాలువా కప్పాల్సిందే. ఆ అలవాటు పెట్టింది నేనే, హాలు ఓనర్ నూరుద్దీన్‌ని. ఆ సాయంత్రం మాత్రం నా చెప్పుతో నేనే కొట్టుకోవాలనిపించింది.

మగ్గం నేసే భిక్షపతి కూతురు మానస హైదరాబాద్‌లో సెల్లో నేర్చుకుంది. అంటే మనిషంత వయొలిన్. కూర్చుని, మోకాళ్ల మధ్య నిలబెట్టి వాయించాలి. ఆ సాయంత్రం మా హాల్లో ఆమె కచేరీ. తోడుగా వయొలిన్ జాషువాది, పియానో మెర్సీది.

"నూరు చిచ్చా, మా బాపు ఒక్కసారన్న నా వాయింపు మొత్తం వినాలె. ఇంట్ల మగ్గం చప్పుడుల ఎన్నడూ వినలే," అంది మానస. నాకు జాలేసింది.

మొదటి భాగం ముగిసి ముగ్గురూ రవ్వంత ఆగారో లేదో, కౌన్సిలర్ గుర్వయ్య శాలువాతో వేదికెక్కాడు. వెనకే ఫోటో కోసం పద్నాలుగు మంది.

"సార్, పాట అయిపోలే, ఇంకా మూడు భాగాలున్నయి," అని జాషువా మొత్తుకున్నాడు.

"ఉండనియ్యి తమ్మీ. దేని సన్మానం దానికే," అన్నాడు గుర్వయ్య.

రెండో భాగం తర్వాత వర్తకుల సంఘం వచ్చింది. మెర్సీ పేజీ తిప్పడానికి పియానో మీంచి చేయి తీస్తే యువజన సంఘం వచ్చింది. మానస భుజాల మీద మూడు శాలువాలు పడ్డాయి. మోచేయి కదలక, కమాను పిల్లిలా మూలిగింది. పిల్ల కళ్లలో నీళ్లు చూసి నాకు సిగ్గేసింది.

మూడో భాగం ఆగగానే జనంలో సగం భోజనాల వైపు, సగం వేదిక వైపు కదిలారు. అప్పుడు భిక్షపతి లేచి, మెట్లకు అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు.

"కూసోండ్రి. ఇంకా అయిపోలే."

"నీకెట్ల ఎర్క భిక్షపతన్నా?" అన్నాడు గుర్వయ్య, ఇంకో శాలువా చంకలో పెట్టుకుని.

"సెలవులకొస్తే రోజు గిదే వాయిస్తది. ఇప్పుడు ఉరుకుడు భాగం వస్తది. గది వచ్చేసరికి నేను మగ్గం ఆపి, గోడకు చెవి పెడుతుంటి."

మానస తలెత్తి తండ్రి వైపు చూసింది. భిక్షపతి వేదికెక్కి ఆమె మీది శాలువాలు ఒక్కొక్కటే తీసి, మడత పెట్టి, తన చేతి మీద వేసుకున్నాడు.

"ఇగ వాయించు బిడ్డా."

మానస ఏడుస్తూనే వాయించింది. ఎక్కడ ఆగాలో మాకెవరికీ తెలియదు కనుక, భిక్షపతి చప్పట్లు కొట్టేదాకా హాల్లో ఒక్కరూ కదల్లేదు.