చీమ దూరని తలుపు

గడియ పిడి ఊడి చేతిలోకి వచ్చింది. దాన్ని మళ్ళీ తగిలించడానికి ఆవిడ పది నిమిషాలు తంటాలు పడింది. గడియ మాత్రం ద్వారబంధంలోకి దిగబడిపోయి ఉలకలేదు, పలకలేదు. ఉదయం పదిన్నరకి, తడి జుట్టుతో, వడ్రంగి భార్య సొంత ఇంటి బాత్రూంలో ఇరుక్కుపోయింది.

ఆ తలుపు అలాంటిలాంటిది కాదు మరి. వడ్రంగి మూడు నెలలు కూర్చుని, ఒకే మానులోంచి తీసిన పలకలతో చేశాడు. బయటి వైపు ఒక్క మేకు కనబడదు, మడత బందులన్నీ లోపలికే. నీళ్ళు కారకుండా ఎంత బిగువుగా కూర్చోబెట్టాడంటే కింద చీమ కూడా దూరదు. తలుపులు చేయించుకోవడానికి ఎవరొచ్చినా ముందు బాత్రూం దగ్గరికి తీసుకొచ్చి, దాని మీద తట్టి చూపించేవాడు. లోపల మనిషి ఉన్నా సరే, తట్టేవాడు.

అత్తగారు ఫోన్ చేస్తే పన్నెండింటికి వచ్చాడు. స్క్రూడ్రైవర్ ఇస్తే బందులు తానే విప్పుకుంటానని లోపలి నుంచి ఆవిడ అంది. ఎలా ఇవ్వడం? సందు ఉంటేగా. సన్నటి తీగ పెట్టి చూశాడు, రంపం బ్లేడు పెట్టి చూశాడు. తన పనితనాన్ని తానే ఓడించలేక చెమటలు కక్కాడు.

కింది వాటాలో ఉండే లిఫ్టు మెకానిక్ గొడ్డలి పట్టుకొచ్చి, రెండు దెబ్బల పని అన్నాడు. కన్నబిడ్డని నరకమన్నట్టు చూశాడట వడ్రంగి. అత్తగారు కూడా కొడుకు వైపే మాట్లాడింది. అంత మంచి చెక్క మళ్ళీ దొరుకుతుందా అని.

ఆవిడ బోర్లించిన బకెట్ మీద కూర్చుని అన్నీ వింటోంది. మొదట్లో నవ్వొచ్చింది. రెండు దాటేసరికి ఆ నవ్వు పోయింది. పైన అరచేయంత కిటికీ, దానికి దోమ కూడా దూరని ఇనప వల. గోడలు దగ్గరికి జరుగుతున్నట్టు అనిపించి కళ్ళు మూసుకుంది. బయట ఇంతసేపు పలకల గురించి, బందుల గురించి మాట్లాడారు గానీ, లోపల ఎలా ఉన్నావని ఒక్కరూ అడగలేదు. భయం కన్నా అదే ఎక్కువ బాధ పెట్టింది.

మూడింటికి వడ్రంగి ఒక నిర్ణయానికి వచ్చాడు. గడియలు చేసే స్నేహితుడు పొద్దున్న బస్సుకి వస్తాడట.

"ఒక్క రాత్రే కదా," అన్నాడు తలుపుకి నోరు ఆనించి. "లోపల నీళ్ళున్నాయిగా."

ఆవిడ బకెట్ మీంచి లేచింది. ఫ్లష్ ట్యాంకు మీది పింగాణీ మూత రెండు చేతులా ఎత్తి, ఉన్న బలమంతా పెట్టి తలుపుని కొట్టింది. మూత ముక్కలు ముక్కలై కాళ్ళ చుట్టూ పడింది. ఒక పెంకు మడమలో దిగింది. తలుపు మీద గీత కూడా పడలేదు.

"తలుపుకేం కాలేదు కదా?" అన్నాడు బయటి నుంచి.

అప్పుడు తెలిసింది ఆవిడకి, ఏం చెప్పాలో.

"పగిలింది," అంది. "పై నుంచి కిందికి నిలువునా చీలిపోయింది."

వడ్రంగి మెకానిక్ చేతిలోంచి గొడ్డలి తీసుకున్నాడట. తర్వాత గొడ్డలి దెబ్బలు మొదలయ్యాయి. రెండు కాదు, పదిహేను పట్టాయి.

దారి తెరుచుకోగానే వడ్రంగి కింద కూర్చుని, ఒక్కో పలకా తిప్పి చూశాడు. ఆవిడ మడమ నుంచి కారే రక్తం ఆ పలకల మీదే పడుతోంది.

"చీలిక ఎక్కడ?" అన్నాడు.

"నువ్వు కొట్టిన చోటే," అంది.

అతను మొహం తుడుచుకున్నాడు. "పోనీలే. ఈసారి ఇంకా బిగువుగా చేస్తాను."

ఆవిడ కుంటుకుంటూ హాల్లోకి వచ్చింది. పడకగది తలుపు, వంటింటి తలుపు, వీధి తలుపు, అన్నీ అతను చేసినవే. అన్నీ మూసే ఉన్నాయి. మెకానిక్ గొడ్డలి భుజాన వేసుకుని బయల్దేరబోతున్నాడు.

"అన్నయ్యగారూ," అంది ఆవిడ, "అది ఇక్కడే ఉండనివ్వండి."