రెండో కుర్చీ ఖర్చు

ఏడో పెట్టె సీలు తెంచి, తాక్ హ్యోంగ్‌బే చెక్క స్కేలును మొదటి వరుస కింద ఆనించాడు. చదివాడు. ఒక వరుస కిందికి జరిపాడు.

సియోల్ పార్లమెంటులో కిటికీ లేని గది అది. ఒక బల్ల, రెండు కుర్చీలు. గూఢచారి సంస్థ ఏడాదికోసారి తన ఖర్చుల పుస్తకాలు ఇక్కడికి తెస్తుంది, సాయంత్రానికి పట్టుకుపోతుంది. పర్యవేక్షణ కమిటీ తరఫున వాటిని చదివే ఉద్యోగి ఇరవై రెండేళ్ళుగా తాక్ ఒక్కడే. పొట్టి మనిషి. కుడి భుజం కాస్త వాలింది. చూపుడు వేలి చర్మంలోకి పెన్సిలు నలుపు ఇంకిపోయింది. రెండో కుర్చీలో ఎవరూ కూర్చున్నది లేదు.

పెట్టెలకు కాపలా వచ్చిన సంస్థ మనిషి గుక్ గోడవారన స్టూలు మీద కాళ్ళూపుతున్నాడు.

"అన్నా, ఆ స్కేలు ఇంకా అరగలేదా? మ్యూజియంలో పెట్టిస్తా."

"ముందు నీ ఏడో పెట్టెను పెట్టించు. అంతా పాత సరుకే, పేర్లే కొత్తవి."

గుక్ కాళ్ళు ఆగాయి.

ఒకప్పుడు ఒక కమిటీ సభ్యుడు రాసుకున్న కాగితాలు సంస్థ పెట్టెల్లో కలిసి వెళ్ళిపోయాయి. అప్పుడు తాక్ స్వయంగా ఒక నిబంధన రాశాడు: ఈ గదిలో పెన్సిలు తగిలింది ఏదీ గడప దాటకూడదు, ఏడాది చివర కాగితాలన్నీ ముక్కలైపోవాలి. సంస్థకు దారి మూసుకుపోయింది. కానీ కమిటీ దగ్గరా పాత లెక్క ఒక్కటీ మిగల్లేదు. మిగిలింది తాక్ తలకాయ, స్కేలు అంచున ఎక్కడెక్కడ ఆగాలో పెట్టుకున్న సన్నటి పెన్సిలు గీతలు. సరుకంతా ఒకే గోదాములో పెట్టి బీమా కట్టని బేరం అది.

నెలాఖరుకు ఉద్యోగ విరమణ. మిగిలిన సెలవులు కలిపితే ఇదే ఆఖరి రోజు. రెండో మనిషిని ఇస్తే సెలవులు వదులుకుని నేర్పుతానని అర్జీ పెట్టాడు. ఆ కొలువుకు ఖర్చు ఏడాదికి ఐదు కోట్ల ఇరవై లక్షల వాన్‌లు.

మధ్యాహ్నం తలుపులు మూసి కమిటీ కూర్చుంది. తాక్ అధ్యక్షురాలు ప్యో వెనక వంగాడు.

"మేడమ్, ఏడో పెట్టెలో మైదానం గోడ మరమ్మతు. మూడేళ్ళ కింద ఇదే గోడ, ఇదే కొలత. అప్పుడు గోదాము గోడ అన్నారు."

"ఎక్కడ రాసుంది?"

"ఎక్కడా లేదు. గుర్తుంది."

ఆమె అడిగింది. సంస్థవాళ్ళు కాగితాలు అటూ ఇటూ తిరగేశారు. కమిటీ ఆ పద్దులో నాలుగు వందల కోట్ల వాన్‌లు కోత పెట్టింది.

ఆఖరున కమిటీ సొంత ఖర్చు వచ్చింది, అందులో తాక్ అర్జీ.

"తాక్ గారూ, మీ మాట కాదనలేను. కానీ ఎన్నికలొస్తున్నాయి. మనకు మనమే కొలువులు పెంచుకున్నామని పేపర్లు ఏకుతాయి. వచ్చే ఏడు చూద్దాం."

"వచ్చే ఏడు నేర్పేవాడుండడు మేడమ్."

"పుస్తకాలుంటాయిగా?"

"పుస్తకాలు వాళ్ళవి."

ఎవరో దగ్గారు. ఆమె కలం ఆ పద్దు మీద అడ్డంగా నడిచింది. మూడు నిమిషాలు కూడా పట్టలేదు. నాలుగు వందల కోట్లు మిగిల్చిన చూపుకు ఐదు కోట్లు దండగ అయ్యాయి.

సాయంత్రం గుక్ పెట్టెలకు సీళ్ళు వేశాడు. తాక్ కళ్ళజోడు, మగ్గు సంచిలో సర్దుకున్నాడు. స్కేలూ పెట్టాడు. గుక్ అంచు మీది గీతలు చూసి మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"నేనేం చూళ్ళేదు. పట్టుకెళ్ళు అన్నా. ఇరవై రెండేళ్ళ తోడు."

తాక్ సంచిలోంచి స్కేలు తీశాడు.

"పెన్సిలు తగిలిందిరా. గడప దాటకూడదు."

"ఎవరికోసం వదిలేస్తున్నావ్?"

"వచ్చేవాడికి."

గుక్ వంగి ఆయన సంచి అందించాడు. తాక్ దాన్ని వాలిన భుజానికి తగిలించుకుని, రాలిన గింకో చెట్ల ఆకుల మీదుగా బస్టాపు వైపు నడిచాడు. వెనక్కి చూడలేదు.

లైటు ఆర్పి తాళం వేసిన గదిలో, రెండో కుర్చీ ఎదుట, స్కేలు బల్ల మీద తిన్నగా పడుకుని ఉంది, గీతలున్న అంచు కుర్చీ వైపు.